కర్త ఎవరు? — మశూచి నిర్మూలనలో నాయకత్వం, సమష్టి కృషి

పదో తరగతి పిల్లలకు కర్తరి, కర్మణి వాక్యాలు చెబుతూ ఒకరోజు 'పిల్లలకు టీకాలు వేయబడ్డాయి' అని బోర్డు మీద రాసి, కర్తరి వాక్యంలోకి మార్చమన్నాను. వెనక బెంచీలో కూర్చునే పిల్ల ఒకతె లేచి, "ఎవరు వేశారో ఇందులో లేదు కదండీ, ఎలా మార్చమంటారు?" అంది. వ్యాకరణం ప్రకారం ఆ పిల్ల మాట సరైనదే. నేను ఏదో ఒక కర్తను పెట్టి ఆ గంట గడిపేశాను గానీ, ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. మనదేశంలో ప్రజారోగ్యం గురించిన రాతల్లో నూటికి తొంభై వాక్యాలు ఇలాంటివే. మందులు పంపిణీ చేయబడతాయి, సర్వేలు నిర్వహించబడతాయి, లక్ష్యాలు సాధించబడతాయి. ఎవరు చేశారో ఉండదు.

ఇది సాహిత్య పత్రికలో చర్చించే విషయమేనా అని మిత్రులు అడగవచ్చు. నేను వైద్యుణ్ణి కాను, తెలుగు పంతుల్ని. అయితే ఒక చారిత్రక ఘటనను పదిమంది పదిరకాలుగా చెప్పినప్పుడు, ఎవరు ఎవర్ని కర్తగా నిలబెట్టారు, ఎవర్ని వాక్యంలోంచి తీసేశారు అని చూడడం విమర్శకుడి పనే. కొంతకాలంగా మశూచి నిర్మూలన చరిత్రను ఈ దృష్టితోనే చదువుతున్నాను. బసు, యెజెక్, వార్డ్ 1979లో రాసిన భారతదేశ వృత్తాంతం, ఫెన్నర్ ప్రభృతులు 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరపున వెలువరించిన బృహద్గ్రంథం, విలియం ఫేగీ 2011లో రాసుకున్న జ్ఞాపకాలు, సంజయ్ భట్టాచార్య 2006 నాటి పరిశోధన. అన్నిటిలోనూ కథ ఒకటే, కర్తలు మాత్రం వేరు.

మన పల్లెల్లో ఈ జబ్బుకు అందరికంటే ముందే ఒక కర్త ఉంది. 'అమ్మవారు పోసింది' అనేవారు. పోసేది అమ్మవారు, పోయించుకునేది బిడ్డ. గుమ్మానికి వేపమండలు కట్టి, పోలేరమ్మకు చల్ది నైవేద్యం పెట్టి, ఆవిడ చల్లబడేదాకా కాచుకుని కూర్చోవడమే మనిషి చేయగలిగిన పని. దీన్ని వట్టి మూఢత్వం అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. మందు లేని జబ్బది. పెద్ద మశూచి సోకినవాళ్ళలో నలుగురైదుగురికి ఒకరైనా పోయేవారు. బతికినవాళ్ళకు మొహం నిండా గుంటలు పడేవి, కొందరికి కళ్ళు పోయేవి. చేయడానికేమీ లేనిచోట మనిషి కర్తను ఆకాశంలో వెతుక్కున్నాడు. మా అమ్మ భుజం మీద రెండు రూపాయి బిళ్ళలంత మచ్చలున్నాయి. నా భుజం మీద లేవు. ఆమె పుట్టుకకూ నా పుట్టుకకూ మధ్య ఆ కర్త మారిపోయింది. ఎలా మారిందన్నదే ఇక్కడ చూడవలసింది.

టీకా మనకు కొత్తది కాదు. జెన్నర్ 1796లో కనిపెట్టిన ఆరేళ్ళకే, 1802లో, బొంబాయిలో మొదటి టీకా పడింది. అయినా నూట అరవై ఏళ్ళ తర్వాత కూడా మశూచి తగ్గలేదు. 1962లో భారత ప్రభుత్వం జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. దాని తర్కం సులభమైనది: జనాభాలో నూటికి ఎనభైమందికి టీకా వేస్తే జబ్బు దానంతట అదే ఆగిపోతుంది. పైనుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి టీకాల ఉద్యోగికి లక్ష్యం దిగింది. ఇన్నాళ్ళలో ఇన్ని టీకాలు.

ఆ ఉద్యోగి స్థానంలో నిలబడి చూడండి. రోజుకు ఇన్ని చేతులు చూపించాలి. పొలం పోయిన కూలీ సాయంత్రం దాకా దొరకడు. చంటిపిల్లకు జ్వరం వస్తుందని తల్లి ఒప్పుకోదు. ఫుట్‌పాత్ మీద పడుకునేవాడు ఏ జాబితాలోనూ లేడు. అందరూ ఒకేచోట, వరసగా, చెప్పినమాట వింటూ దొరికేది ఎక్కడ? బడిలో. కాబట్టి బడిపిల్లలకే మళ్ళీ మళ్ళీ టీకాలు పడ్డాయి. లెక్క నిండింది. టీకా అవసరమైన చంటిపిల్లలు, వలసకూలీలు, బిచ్చగాళ్ళు అలాగే మిగిలిపోయారు. కొన్ని ప్రాంతాల్లో కాగితం మీద జనాభాను మించి టీకాలు పడ్డా, అదే ప్రాంతంలో మశూచి నిక్షేపంగా తిరుగుతూనే ఉంది. బడిపంతులుగా నాకు ఈ భాగం చదివినప్పుడు నవ్వు రాలేదు. మా పిల్లల్ని వరసలో నిలబెట్టి లెక్క నింపుకోవడం మేము ఎన్ని పథకాల్లో చూడలేదు కనుక!

ఇక అంతర్జాతీయ రంగంలో జరిగింది క్లుప్తంగా. 1958లో మినియాపోలిస్‌లో జరిగిన ప్రపంచ ఆరోగ్య మహాసభలో సోవియట్ ఉప ఆరోగ్యమంత్రి విక్టర్ జ్దానోవ్ మశూచిని భూమ్మీద లేకుండా చేద్దామని ప్రతిపాదించాడు. 1959లో తీర్మానం అయింది. చాలినంత డబ్బూ మనుషులూ మాత్రం 1967 దాకా రాలేదు. అప్పుడు మొదలైన ముమ్మర కార్యక్రమానికి అమెరికన్ డి.ఎ. హెండర్సన్ నాయకుడు, ఎండవేడికి చెడని పొడి టీకా కోట్లకొద్దీ మోతాదుల్లో ఇచ్చింది సోవియట్ యూనియన్. ఒకరి మీద ఒకరు అణ్వస్త్రాలు గురిపెట్టుకున్న రోజులవి. మన దేశంలోనూ పట్వాడంగర్, బెల్గాం, మద్రాసు గిండీలతోపాటు మన హైదరాబాదులో కూడా ఈ పొడి టీకా తయారైంది. చర్మాన్ని గీరే పాత తిప్పుడు సూది పోయి, రెండు మొనల సూది వచ్చింది. ఆ మొనల మధ్య నిలిచిన బొట్టే ఒక మోతాదు. పదిహేనుసార్లు పొడిస్తే చాలు. ఎవరికైనా పావుగంటలో నేర్పవచ్చు. సమష్టి కృషి అని మనం ఉపన్యాసాల్లో అంటుంటాం. అది నిజంగా సాధ్యపడాలంటే పనిముట్టు కూడా సామాన్యుడి చేతిలో ఇమడాలి. ఈ సూది అలా ఇమిడింది.

మలుపు తిరిగింది టీకాల సంఖ్య దగ్గర కాదు, ప్రశ్న దగ్గర. 1966 చివర తూర్పు నైజీరియాలో పనిచేస్తున్న ఫేగీ దగ్గర అందరికీ వేసేంత టీకా లేదు. అందుకని జబ్బు ఎక్కడుందో వెతికి, ఆ మనిషి చుట్టూ ఉన్నవాళ్ళకే వేయించాడు. జబ్బు ఆగిపోయింది. దీనికి కారణాలున్నాయి. మశూచి మనిషి నుంచి మనిషికే వస్తుంది, జంతువుల్లో దాక్కోదు. సోకిన పది పద్నాలుగు రోజులకు గాని జ్వరం రాదు, ఒంటిమీద పొక్కులు లేచేదాకా సామాన్యంగా అంటుకోదు. పొక్కులు లేచాక దాచడానికి వీల్లేదు, చిన్నపిల్లవాడైనా గుర్తుపడతాడు. సోకిన మూడునాలుగు రోజుల్లో టీకా వేసినా చాలావరకు కాపాడుతుంది. మద్రాసులో మశూచి రోగుల మధ్యే పనిచేసిన ఎ. రామచంద్రరావు లాంటి మనవాళ్ళు కూడా ఈ జబ్బు అనుకున్నంత వేగంగా పాకదనీ, ముఖ్యంగా ఒకే ఇంట్లో దగ్గరగా మెలిగేవాళ్ళకే అంటుతుందనీ గమనించారు. కాబట్టి 'ఎంతమందికి టీకా వేశావు?' అన్న ప్రశ్న స్థానంలో 'జబ్బు ఎక్కడుంది?' అన్న ప్రశ్న రావాలి. చూడడానికి చిన్న మార్పే. కానీ మొదటి ప్రశ్నకు జవాబు పై అధికారి ఫైల్లోనే తయారవుతుంది. రెండో ప్రశ్నకు జవాబు ఊళ్ళోవాళ్ళు చెబితే తప్ప దొరకదు.

1973 అక్టోబరులో ఉత్తరప్రదేశ్, బీహార్ మొదలైన రాష్ట్రాల్లో ఆరోగ్య శాఖలోని అన్ని విభాగాల సిబ్బందినీ ఒక వారం రోజులపాటు ఊరూరా తిప్పి వెతికించారు. మలేరియా ఉద్యోగి, కుటుంబ నియంత్రణ ఉద్యోగి, అందరి చేతిలోనూ మశూచి సోకిన బిడ్డ బొమ్మ ఉన్న కార్డు. ఇలాంటి బిడ్డను ఎక్కడైనా చూశారా? ఆ వారంలో, అంతదాకా ఏ లెక్కలోనూ లేని వేలాది కేసులు బయటపడ్డాయి. అధికారులు నిర్ఘాంతపోయారు. నిజానికి నిర్ఘాంతపోవలసిన పనిలేదు. అంతవరకు తన పరిధిలో మశూచి ఉందని రాసినవాడికి దక్కింది మందలింపు, సంజాయిషీ నోటీసు. లేదని రాసినవాడికి ఏ తంటా లేదు. రాసేవాడు ఏం రాస్తాడు?

నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో నాయకత్వం అన్న మాటకు అర్థం ఇక్కడే ఉంది. దేశంలో ఎం.ఐ.డి. శర్మ, మహేంద్ర దత్త, ఆర్.ఎన్. బసు, సి.కె. రావు మొదలైనవాళ్ళు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఢిల్లీ కార్యాలయంలో నికోల్ గ్రాసే, ఫేగీ, యెజెక్ మొదలైనవాళ్ళు కలిసి చేసిన పనుల్లో గొప్పది, కేసు చెప్పడాన్ని తప్పు కాకుండా చేయడం. తరువాత్తరువాత అది బహుమానమైంది కూడా. కొత్త కేసు చూపించినవాడికి ఇచ్చే నగదు పెరుగుతూ పెరుగుతూ చివరికి 1000 రూపాయల దాకా పోయింది. బడులకు పోయి పిల్లల్ని అడిగారు, సంతల్లో అడిగారు, టీ దుకాణాల దగ్గర అడిగారు. మునుపు బడిపిల్ల టీకా లెక్కలో ఒక అంకె. ఇప్పుడు ఆ పిల్ల సమాచారం చెప్పే మనిషి. ఒక ఉద్యోగి తిరిగివచ్చాక ఆ ఊళ్ళలో కొన్నిటికి వేరొకణ్ణి పంపి, ముందువాడు నిజంగా ఇంటింటికీ వెళ్ళాడా లేదా అని చూసేవారు. నమ్మకం, తనిఖీ రెండూ పక్కపక్కనే నడిచాయి. ఇది కూడా చెప్పుకోవాలి, లేకపోతే నేను మరీ భావుకంగా రాస్తున్నానని తోస్తుంది.

నిజం చెప్పనిస్తే నిజం ఎంత భయంకరంగా ఉంటుందో 1974లో తెలిసింది. ఆ ఏడు మనదేశంలో నమోదైన మశూచి కేసులు 1,88,003; చనిపోయినవారు 31,262 మంది. మే నెలలో రైల్వే సమ్మె, అదే నెల పోఖ్రాన్ అణుపరీక్ష. అణుబాంబు పేల్చిన దేశంలో మశూచికి జనం చస్తున్నారని విదేశీ పత్రికలు ఎత్తిపొడిచాయి. జంషెడ్‌పూర్ నుంచి రైళ్ళలో ఇళ్ళకు పోయిన కూలీలతోపాటు జబ్బు కూడా పోయింది. బీహారులో ఒక ఊరు చల్లబడేలోపు పది ఊళ్ళు అంటుకుంటున్నాయి. అప్పుడు పాట్నా సమావేశంలో జరిగినదాన్ని ఫేగీ తన పుస్తకంలో చెప్పాడు. రాష్ట్ర ఆరోగ్యమంత్రి, ఈ వెతుకులాట చాలు, పాత పద్ధతిలో అందరికీ టీకాలు వేయండి అని తేల్చేశాడట. విదేశీ నిపుణులు ఎంత వాదించినా వినలేదు. అంతలో ఒక యువ వైద్యుడు లేచి, తాను పల్లెటూరివాణ్ణనీ, తమ ఊళ్ళో ఇల్లు అంటుకుంటే నీళ్ళన్నీ ఆ ఇంటిమీదే పోసేవాళ్ళమనీ, మిగిలిన ఇళ్ళ మీద పోసుకుంటూ కూర్చునేవాళ్ళం కాదనీ అన్నాడట. మంత్రి మెత్తబడి ఇంకొక నెల గడువిచ్చాడు. ఆ నెల తిరిగేసరికి అంకెలు దిగడం మొదలైంది.

ఈ కథను నాయకత్వం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు తరచూ వాడుకుంటారు. విశేషమేమిటంటే, అందులో మంత్రికి పదవి ఉంది, ఫేగీకి పేరుంది, కథను మలుపు తిప్పినవాడు మాత్రం 'ఒక యువ భారతీయ వైద్యుడు'. పోనీ, ఆ మంత్రికి నేనొక మార్కు ఎక్కువే వేస్తాను. తన శాఖలో చిన్న ఉద్యోగి అందరి ముందూ లేచి కాదంటే, వాణ్ణి కూర్చోబెట్టకుండా తన ఆజ్ఞనే ఒక నెల వాయిదా వేసుకున్నాడు. మన సమీక్షా సమావేశాలు చూసినవాళ్ళకు అదెంత అరుదో తెలుసు.

ఇంకా కింద ఉన్నవాళ్ళ గురించి పుస్తకాల్లో ఒకటి రెండు పేరాలే దొరుకుతాయి. మశూచి వచ్చిన ఇంటిముందు రాత్రింబవళ్ళు వంతులవారీగా కాపలాదార్లను పెట్టారు. వీళ్ళలో చాలామంది ఆ ఊరివాళ్ళే, దినకూలికి కుదిరినవాళ్ళు. ఆ ఇంట్లోకి ఎవరు వచ్చినా టీకా వేయించుకోవాలి, రోగి బయటికి రాకూడదు. రాకుండా ఉండాలంటే తిండి ఎలా? కూలికి పోకపోతే పొయ్యి ఎలా వెలుగుతుంది? అందుకని ఆ కుటుంబాలకు తిండికి ఏర్పాటు చేశారు. ఈ ఒక్క ఏర్పాటులో ఎంతో రాజకీయార్థశాస్త్రం ఉంది. ఆకలిగా ఉన్నవాణ్ణి ఇంట్లో ఉండమనడం ఆజ్ఞ అవుతుంది. అన్నం పెట్టి ఉండమంటే అది సహకారం కోరడం. మొత్తం మీద లక్షకు పైగా మనుషులు తిరిగిన అన్వేషణ ఇది. వాళ్ళ జ్ఞాపకాలను ఎవరూ పుస్తకంగా వేయలేదు. వేసివుంటే మన కథకులకు ఎంత సామగ్రి!

అయితే ఇక్కడితో ఆపితే అది భజన అవుతుంది. ఈ చరిత్రలో చీకటి కోణం ఉంది. చివరి నెలల్లో తొందర పెరిగినకొద్దీ బలవంతమూ పెరిగింది. చరిత్రకారుడు పాల్ గ్రీనో 1995లో ఈ బలప్రయోగం మీద ప్రత్యేకంగా వ్యాసమే రాశాడు. సింగ్‌భూమ్‌లో జరిగిన ఒక ఘటనను, అందులో స్వయంగా పాల్గొన్న అమెరికన్ డాక్టరు లారీ బ్రిలియంటే 1978లో చెప్పాడు. హో ఆదివాసుల పెద్ద ఒకాయన టీకా వద్దన్నాడు. ఆయన వద్దంటే చుట్టుపక్కల ఎవరూ వేయించుకోరు. అర్ధరాత్రి తలుపు పగలగొట్టి లోపలికి చొరబడి, పెనుగులాడుతున్న మనిషిని పట్టుకుని పొడిచారు. ఆయన భార్యకూ, ఇంటిల్లిపాదికీ అంతే. అంతా అయ్యాక ఆయన పాదులోంచి ఒక దోసకాయ కోసి తెచ్చి, వచ్చినవాళ్ళ చేతిలో పెట్టాడట. జబ్బు ఇచ్చేది దేవుడనీ, దానికి తలవంచడం తన ధర్మమనీ, మీ సూదిని ఎదిరించడం కూడా తన ధర్మమేననీ, మీ ధర్మం మీరు చేశామంటున్నారు గనక అయిపోయిందనీ, ఇప్పుడు మీరు నా ఇంట అతిథులు గనక పెట్టడం నా ధర్మమనీ చెప్పాడట.

ఈ సన్నివేశాన్ని నేను చాలాసార్లు చదివాను. ఇందులో ఎవరు నాయకుడు? టీకా శాస్త్రీయమైనది, ఆయన నమ్మకం శాస్త్రీయం కాదు, ఇందులో నాకు సందేహం లేదు. ఆ ఊరు మశూచి నుంచి బతికింది, అదీ నిజమే. కానీ ఆయనతో పగలు కూర్చుని మాట్లాడే పనికి వాళ్ళ దగ్గర సమయం లేదు. ఆయన భాష తెలిసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో, ఉంటే వాళ్ళని ముందుగా ఎందుకు పంపలేదో నాకు దొరికిన రాతల్లో లేదు. అధికారం తొందరలో ఉన్నప్పుడు, శాస్త్రాన్ని ఒప్పించే బాధ్యత నుంచి తప్పించుకోవడానికి శాస్త్రం పేరే వాడుకుంటుంది. మరుసటేడు, 1976లో, కుటుంబ నియంత్రణ పేరిట దేశంలో జరిగిన బలవంతాలు మనకు తెలుసు. ఒకదాని నుంచే రెండోది పుట్టిందని అనను. తలుపు పగలగొట్టవచ్చు అన్న అలవాటు మాత్రం ఒక శాఖలో ఒకసారి పడితే ఊరికే పోదు.

1975 మే 17న బీహారులో కటిహార్ జిల్లా పచేరాలో మొదలైన కేసు దేశంలో పుట్టిన చివరి మశూచి. దానికి వారం తర్వాత అస్సాంలోని కరీంగంజ్ రైల్వే స్టేషన్లో, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒక బిచ్చగత్తెలో కనిపించినది దేశంలోనే ఆఖరుది. టీకా జాబితాల్లో ఎప్పుడూ చోటు దొరకని మనిషి, ఈ చరిత్రలో చివరి పేజీకెక్కింది. 1977 ఏప్రిల్లో అంతర్జాతీయ సంఘం భారతదేశం విముక్తమైందని ధ్రువీకరించింది. 1980 మే 8న ప్రపంచమంతటికీ అదేమాట ప్రకటించారు.

ఇక మన కాలానికి వస్తాను. 2021 వేసవిలో కరోనా రెండో అలప్పుడు మా ప్రాంతంలో ఇంటింటి జ్వరాల సర్వే జరిగింది. సమీక్షకు పంతుళ్ళం కొందరం వెళ్ళాం. ఒక ఆశా కార్యకర్త తన ఊళ్ళో ముప్పై ఒక్క మందికి జ్వరాలని రాసుకొచ్చింది. పక్క ఊళ్ళ వాళ్ళంతా రెండు, మూడు, సున్నా. కుర్చీలో ఉన్న అధికారి ఆమెను నిలబెట్టి, "ఏమ్మా, మీ ఒక్క ఊళ్ళోనే ఎందుకిన్ని జ్వరాలు? నువ్వేం చేస్తున్నట్టు?" అన్నాడు. ఆమె ఏదో చెప్పబోయింది. కూర్చోమన్నాడు. 1973 అక్టోబరుకు ముందు ఉత్తరప్రదేశ్‌లో మశూచి ఉందని రాసినవాడు నిలబడిన చోటే ఆమె నిలబడింది. నేను అప్పటికింకా ఈ పుస్తకాలు చదవలేదు. చదివినా లేచి మాట్లాడేవాణ్ణేమో, చెప్పలేను. ఆ మరుసటి వారం ఆ ఊళ్ళో నాలుగే జ్వరాలు.

2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని పది లక్షల మంది ఆశా కార్యకర్తలకు పురస్కారం ప్రకటించింది. దాని పేరులోనే నాయకత్వం ఉంది: ప్రపంచ ఆరోగ్య నాయకుల పురస్కారం. 2005లో వచ్చిన ఆ పథకంలో వాళ్ళను ఉద్యోగులు అనరు, స్వచ్ఛంద కార్యకర్తలు అంటారు. వాళ్ళకిచ్చేది జీతం కాదు, పారితోషికం. నాయకులని పిలవడానికి అభ్యంతరం లేదు గానీ ఉద్యోగులని పిలవడానికి మాత్రం ఉంది.

ఆ ఊరి ఆశా కార్యకర్త కొన్నాళ్ళకు బస్టాపులో కనిపించింది. ఆ నాలుగు జ్వరాల సంగతి అడిగాను. సంచీలోంచి బడిపిల్లలు వాడే నోటుపుస్తకం ఒకటి తీసింది. ప్రతి పేజీలోనూ ఇంటి నంబరు, పేరు, జ్వరం వచ్చిన తేదీ, ఎన్ని రోజులుంది, ఆసుపత్రికి వెళ్ళారా, తిరిగి వచ్చారా, అన్నీ వరసగా రాసి ఉన్నాయి. "పైకి పంపింది వేరండీ మాస్టారూ," అంది. "ఇది నాకోసం రాసుకున్నా. ఎవరింటికి మళ్ళీ వెళ్ళాలో నాకు తెలియాలి కదా."